మిట్టపేటకు చూడ్డానికొచ్చిన తిప్పక్క

ఎప్పుడంటే ఎప్పుడో. మా అవ్వకు అవ్వ, ఆ అవ్వకు అవ్వ ఉయ్యాల్లో కాళ్ళాడించే కాలం. అప్పుడు రాజెవరో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. రాజుల కథలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, కావాలంటే వాళ్ళ కాడికి పోండి. నేను చెప్పేది తిప్పక్క కథ. వినేవాళ్ళు ఊఁ కొట్టాల. కొట్టకపోతే లేచి పోతా. ముందే చెప్తాండా, ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపమొస్తాది. ఎన్నిసార్లు చెప్పినా వస్తాది. ఓర్చుకోండి.

ఏరు గండిలోంచి బయటపడే చోట ఏటిగడ్డ అని ఒక పల్లె. గండి అంటే తెలుసు గదా, కొండను ఏరు నిట్టనిలువునా కోసుకుంటా పోయిన చోటు. ఈ పక్క ఎర్రటి గోడ, ఆ పక్క ఎర్రటి గోడ, నడుమ నీళ్ళు. ఆ గోడ మీద, చల్లగాలి ఎప్పుడూ ఆగని ఎత్తులో, మిట్టపేట అని ఒక పేట. కింద ఏటిగడ్డ, పైన మిట్టపేట. ఈ ఊరోళ్ళు ఆ ఊరికి పోవాలంటే పుట్టి ఎక్కి గండిలో పోయి, ఆ తర్వాత మెట్లెక్కాల. వేరే దారి లేదు.

పుట్టి అంటే వెదురు దబ్బలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు కట్టిన పెద్ద బుట్ట. మనుషులు అందులో కూచుంటే తెడ్డేసేవాడు నడిపిస్తాడు. ఏటిగడ్డలో ఆ పుట్టిలు అల్లేది తిప్పక్క. మేదరోళ్ళ ఆడకూతురు. మొగుడు చిన్నప్పుడే పోయినాడు, పిల్లలు లేరు. పొద్దున లేస్తే వెదురు, పొద్దుగూకితే వెదురు. తల నెరిసేదాకా అల్లుతానే ఉంది. గండిలో తిరిగే పుట్టిల్లో ఆమె చెయ్యి పడనిది లేదు. కానీ ఆమె మాత్రం ఒక్కసారన్నా పుట్టెక్కి గండిలోకి పోలేదు.

పుట్టివాళ్ళు కొత్త పుట్టికోసం వచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేవాళ్ళు.

"తిప్పక్కా, మిట్టపేటలో అంచు మీద నిలబడి కిందికి చూడాల! గండంతా ఒక్కసారే కనపడతాది. మన ఏరు సన్నగా. మన పుట్టి ఆవగింజంత."

తిప్పక్క చేతిలో దబ్బ ఆగిపోయేది.

"ఆవగింజంతా?"

"ఆవగింజంతే."

"నేనల్లిన పుట్టే?"

"నువ్వల్లిందే అక్కా."

ఇంక ఆమె నవ్వుకుంటా కూచునేది. అంత పెద్ద పుట్టి, ఇద్దరు పట్టుకున్నా లేవని పుట్టి, ఆవగింజంత! అది తన కళ్ళతో చూడాలని ఆమె మనసులో పడింది. ఏడాది కాదు రెండేళ్ళు కాదు, వయసులో ఉన్నప్పటి నుంచి. చచ్చేలోపల ఒక్కసారి చూడాల. ఆమె కోరింది అంతే. బంగారం కోరలేదు, మాన్యం కోరలేదు. నిలబడి చూడాలనుకుంది.

తోడుకు ఎవరన్నా వస్తారేమోనని అడిగింది. తమ్ముణ్ణి అడిగింది. "చూసి ఏం చేస్తావక్కా?" అన్నాడు. మరదల్ని అడిగింది. "ఆడ మనకెవరున్నారు వదినా?" అనింది. పక్కింటి ముసలాయన్ని అడిగింది. "చూస్తే కడుపు నిండుతాదా తిప్పీ?" అని పకపకా నవ్వినాడు.

చూడండి మరి. కలిగినోళ్ళు పల్లకీ ఎక్కి కొండలూ కోనలూ తిరిగితే యాత్ర అంటాం, ఎదురుపోయి కాళ్ళు కడుగుతాం. బుట్టలల్లే ఆడది ఒక పూట పోయి కొండ చూసొస్తానంటే పిచ్చెత్తింది అంటాం. నాకు ఇక్కడి నుంచే మండుకొస్తాది.

తిప్పక్క వాళ్ళతో వాదులాడలేదు. ఒకరోజు పొద్దున్నే తలకు పోసుకుంది, ఉతికిన కోక కట్టుకుంది, కొంగులో రెండు జొన్నరొట్టెలు మూట కట్టుకుని ఒంటరిగా రేవుకు పోయింది. రేవులో సుంకన్న పుట్టి కడుగుతున్నాడు.

"ఎవరింటికి తిప్పక్కా, ఇంత తెల్లారే?"

"ఎవరింటికీ కాదు. చూడ్డానికి పోతాండా."

సుంకన్న నవ్వలేదు. అది అతని మంచితనం. "రా అక్కా, కూచో" అన్నాడు. ఆమె ఒక పక్కన కూచుంటే పుట్టి ఆ పక్కకు ఒరిగింది. అతను ఒడ్డున ఉన్న పెద్ద బండరాయిని మోసుకొచ్చి ఆమెకెదురుగా పెట్టినాడు. పుట్టి సమంగా నిలబడింది. ఒంటి మనిషి ఎక్కితే వాళ్ళు అట్లనే చేస్తారు.

పుట్టి గండిలోకి పోయింది. ఓయబ్బ, ఏం చెప్పేది! ఈ పక్క గోడ చూడాలంటే తల వెనక్కి వాలిపోవాల. ఆ పక్క గోడ చూడాలన్నా అంతే. గోడల సందుల్లో తేనెపట్లు వేలాడుతున్నాయి. రాళ్ళ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నీళ్ళు ఒకచోట పచ్చగా, ఒకచోట నల్లగా. పుట్టి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతా పోతాంటే, ఆమె ఏ పక్కకీ తిరక్కుండానే అన్ని పక్కలూ కనపడుతున్నాయి. తిప్పక్క నోరు తెరిచింది తెరిచినట్లే, మళ్ళీ ముయ్యలేదు.

"అక్కా, నీ పేరు పెట్టి గట్టిగా అరువు" అన్నాడు సుంకన్న.

"సిగ్గురా!"

"ఇక్కడెవరున్నారు? అరువు."

"తిప్పక్కా!" అని అరిచింది. ఈ గోడ తిప్పక్కా అనింది. ఆ గోడ తిప్పక్కా అనింది. ముందున్న వంపులోంచి ఇంకోసారి సన్నగా తిప్పక్కా అని వినపడింది. పుట్టిన కాడినుంచి ఆమెను పని చెప్పడానికి తప్ప ఎవరూ పిలిచింది లేదు. మళ్ళీ అరిచింది. మళ్ళీ అరిచింది. చిన్నపిల్ల మాదిరి కడుపు పట్టుకుని నవ్వింది. మా వంశంలో ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఇక్కడ కాసేపు ఆగుతారు. నేనూ ఆగుతా. ఆమె సంతోషంగా ఉన్న చోటు ఇదొక్కటే.

మెట్ల కాడ పుట్టి ఆగింది. అప్పుడు సుంకన్న తల గోక్కున్నాడు.

"అక్కా, ఒక చిక్కుంది. మిట్టపేట ఊరి వాకిట్లో కావలికి తలారి ఉంటాడు. ఎవరింటికి అని అడుగుతాడు. ఇల్లు చెప్తేనే లోపలికి రానిస్తాడు. చెప్పకపోతే అట్లే దిగిపొమ్మంటాడు."

"చూడ్డానికొచ్చినా అని చెప్తా."

"అట్లాంటి ఇల్లు ఆ ఊళ్ళో లేదక్కా. వినేవాడూ లేడు. ఒక పని చెయ్యి. గంగుళమ్మ ఇంటికి అని చెప్పు. ఆ ముసలామె శానా మంచిది. మా పుట్టివాళ్ళు ఎవరు పైకి పోయినా పిలిచి మజ్జిగ పోస్తాది. నిన్ను చూస్తే అవును నా మనిషే అంటాది."

"అబద్ధం చెప్పాల్నా సుంకన్నా?"

"అబద్ధమేముంది? పోయి ఆమె కాడ మజ్జిగ తాగు. అప్పుడు నిజంగానే ఆమె ఇంటికి పోయినట్లే గదా."

తిప్పక్కకు మనసొప్పలేదు. కానీ ఇంత దూరం వచ్చి తిరిగిపోవడానికీ మనసొప్పలేదు.

"నువ్వు అంచు మీదికి వచ్చి కొంగు ఊపు" అన్నాడు సుంకన్న. "నేను పుట్టిని నడిమేటికి తీసకపోయి ఉంటా. నీ కొంగు కనపడగానే తెడ్డు పైకెత్తుతా. కానీ పొద్దు వాలకముందే రావాల. వాలితే గండిలోకి నీడ దిగుతాది, నీకేమీ కనపడదు."

"వస్తా. చూస్తా ఉండు" అని మెట్లెక్కింది.

ఆ మెట్లు బండల చీలికలో ఉంటాయి. ఎక్కేవాళ్ళకు ముందు మెట్టు, పైన ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఆగి ఆగి, ఊపిరి తీసుకుని తీసుకుని, ఎట్లనో ఎక్కేసింది. వాకిట్లో తలారి కర్ర అడ్డం పెట్టినాడు.

"ఎవరింటికి?"

తిప్పక్క చెప్పింది. "గంగుళమ్మ ఇంటికి."

తలారి కర్ర కింద పడేసినాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యో తల్లీ! అప్పుడే కబురందిందా నీకు? తెల్లవారుజామున పోయిందమ్మా. పెద్ద ప్రాణం, నిద్రలోనే పోయింది. రా, రా, ఇంకా ఎత్తలేదు."

ఏమంటాది? తలారి ఆమెను చెయ్యి పట్టుకుని బజారు వెంబడి నడిపించుకుంటా పోయినాడు. అదే ఆమె చూడాలనుకున్న ఊరు. నాపరాళ్ళు పరిచిన ఇళ్ళు, గొంగళ్ళు కప్పుకున్న మనుషులు, ఒక అరుగు మీద సీతాఫలాల కుప్ప, ఒక ముంగిట్లో మగ్గం. సీతాఫలాల కాడ ఆమె కాలు ఆగింది. "నడు తల్లీ" అన్నాడు తలారి. మగ్గం కాడ ఆగింది. "నడు తల్లీ." కుడిపక్క ఒక సందు చివర ఉత్త ఆకాశం కనపడింది, అక్కడి నుంచి జోరుగా గాలి వచ్చింది. అక్కడ ఆమె నిలబడిపోయింది. "అది అంచుకు పోయే సందు తల్లీ. ఇప్పుడు దాని మాటెందుకు? నడు."

గంగుళమ్మ ఇంటి ముందు జనం. గంగుళమ్మ కూతురు కాశమ్మ, ఏటిగడ్డ నుంచి ఎవరో వచ్చినారని వినగానే, పరిగెత్తుకుంటా వచ్చి తిప్పక్కను కావలించుకుంది.

"మా అమ్మకోసం ఇంత దూరం వచ్చినావా అక్కా! ఈ ఎండలో, ఈ మెట్లెక్కి!"

తిప్పక్క నిజం చెప్దామని నోరు తెరిచింది. కాశమ్మ గొల్లుమనింది. కాసేపాగి మళ్ళీ తెరిచింది. ఎవరో పక్కన కూలబడి ఏడ్చినారు. మూడోసారి తెరిచేసరికి కాశమ్మ తల ఆమె భుజం మీద వాల్చేసింది. తల్లి పోయిన పిల్ల తల భుజం మీద ఉంటే, మీ అమ్మెవరో నాకు తెలీదు అని ఎవరు చెప్తారు? మీరు చెప్తారా? తిప్పక్క చెప్పలేదు. కూచుని ఏడ్చింది.

ఆ గదికి కిటికీ లేదు. వెనక గోడకు కాస్త అవతలే అంచు. గాలి హోరు వినపడతాంది. అంత దగ్గర. ఆమె గోడ పక్కన కూచుని, చచ్చిపోయిన ముసలామె కాళ్ళు ఒత్తుతా ఉంది. ఆ హోరు వింటా ఉంది.

బయట మగవాళ్ళు పాడె కడుతున్నారు. ముడి బిగియ్యడం లేదు, వెదురు జారిపోతాంది. తిప్పక్క ఉత్తచేతులతో కూచోలేక లేచి పోయి తనే కట్టింది. ఒక అబద్ధం చెప్పి ఈ ఇంట్లోకి వచ్చినా, ఈ పనన్నా చేసి పోతా అనుకుంది. చక్కగా, గట్టిగా కట్టింది. గంగుళమ్మ దాని మీదే కాటికి పోయింది. ఇంటి ఆడవాళ్ళంతా స్నానాలకు పోయినారు. కాశమ్మ కూడా పోయింది. చావింట్లో పొయ్యి వెలగదు గదా. పొద్దున్నుంచి తిప్పక్క గొంతులో చుక్క నీళ్ళు పడలేదు. కొంగులో రొట్టెలు అట్లే ఉన్నాయి. తాగినావా అమ్మా, తిన్నావా అమ్మా అని అడిగిన నోరు ఒక్కటి లేదు. కాశమ్మకు ఒళ్ళు తెలీని దుఃఖం, ఆ పిల్లను అనను. మిగతా వాళ్ళకేమొచ్చింది రోగం?

పొద్దు నడినెత్తి దాటింది. తిప్పక్కకు సుంకన్న గుర్తొచ్చినాడు. అరుగు మీద ఊరి పెద్దమనుషులు ముగ్గురు కూచున్నారు. ఒకడు మీసం దువ్వేవాడు. ఒకడు వక్క నమిలేవాడు. ఒకడు కళ్ళు మూసుకుని అంతా తెలిసినట్లు తల ఊపేవాడు. తిప్పక్క పోయి చేతులు జోడించింది.

"సామీ, పోయే ముందు ఒక్కసారి అంచు కాడికి పోయి చూసి పోతా."

మీసంవాడు అన్నాడు, "చావింటికి వచ్చిన మనిషివి. ఇంకో చోట అడుగు పెట్టకూడదు. నేరుగా మీ ఇంటికి పోవాల. ఆ మాత్రం తెలీదా?"

వక్కవాడు అన్నాడు, "అంచంటే ఈ గండిని కాచే గండమ్మ తల్లి గడప. మైలతో దాన్ని తొక్కితే ఊరికి అరిష్టం."

కళ్ళు మూసుకున్నవాడు అన్నాడు, "అయినా ఆడ చూసేదానికేముంది? రాళ్ళు, నీళ్ళు."

రాళ్ళు, నీళ్ళంట! వాడు పుట్టినప్పటి నుంచి ఆ అంచు మీద గాలి పీలుస్తా, సాయంత్రం కాగానే ఆడ కూచుని వక్కాకు తింటా బతికినోడు. వాడికి రాళ్ళే, నీళ్ళే. ఎంగిలి చెయ్యి విదిలించినట్లు విదిలించేసినాడు.

తిప్పక్క చూసింది. ఇంక నిజం చెప్తే తప్ప దారి లేదనుకుంది. నిజం చెప్తే మనుషులు మెత్తబడతారని నమ్మే రకం ఆమె.

"సామీ, నాకు మైల లేదు. గంగుళమ్మ నాకేమీ కాదు. నేనామెను బతికుండగా చూడనుకూడా లేదు. వాకిట్లో రానియ్యరంటే ఆమె పేరు చెప్పినా. నేను చూడ్డానికొచ్చినా. నేనల్లిన పుట్టి పైనుంచి ఆవగింజంత కనపడతాదంట. అది చూసి పోతా. అంతే సామీ."

ముగ్గురూ ముక్కున వేలేసుకున్నారు. మీసంవాడు లేచి నిలబడినాడు.

"వాకిట్లో అబద్ధం చెప్పి దూరినావా! చావింట్లో దొంగ ఏడుపు ఏడ్చినావా! ఏం దొంగిలిద్దామని వచ్చినావే?"

"ఏడుపు దొంగది కాదు సామీ" అనింది తిప్పక్క. "మాట ఒక్కటే దొంగది."

"నోర్ముయ్! అబద్ధాలాడేదానికి గండమ్మ గడప చూపిస్తామా?"

"అయితే సామీ, నేను చుట్టమైతే మైల, పోకూడదు. చుట్టం కాకపోతే దొంగని, పోకూడదు. మరి నేను ఏమైతే పోవచ్చో చెప్పండి, అట్లే అవుతా."

మీసంవాడు మీసం దువ్వలేదు. వక్కవాడు వక్క నమలలేదు. మూడోవాడు కళ్ళు తెరిచినాడు. జవాబు లేనప్పుడు అట్లాంటోళ్ళు ఏం చేస్తారు? గట్టిగా అరుస్తారు. "తలారీ! దీన్ని వాకిలి దాటించు!" అని అరిచినారు.

తలారి ఆమెను తీసుకుపోయినాడు. ఈసారి చెయ్యి పట్టుకోలేదు. ఆ సందు కాడికి వచ్చినారు.

"తలారన్నా, అంచు ఎంత దూరం?"

"ఈ సందు దాటితే అంచే."

"నువ్వు అటు తిరిగి నిలబడు. నేను ఉరికి పోయి ఉరికొస్తా. ఒక్క చూపు."

"నా కొలువు పోతాది తల్లీ" అన్నాడు తలారి. నేల చూస్తా అన్నాడు. అతనికీ సిగ్గుంది. ఉండి ఏం లాభం? సందు దాటనియ్యలేదు. వాకిలి బయటికి పంపి కర్ర అడ్డం పెట్టినాడు.

తిప్పక్క మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఎండ, దాహం, ఆకలి, దానికి తోడు ఆ మాటలు. కొన్ని మెట్లు దిగి కూచుంది. లేచింది. ఇంకొన్ని దిగి కూచుంది. లేచింది. మూడోసారి బండకు ఆనుకుని కూచుంది, ఇంక లేవలేదు.

కింద సుంకన్న నడిమేట్లో పుట్టి నిలబెట్టుకుని, తల పైకెత్తి అంచు చూస్తానే ఉన్నాడు. పుట్టి తిరిగినప్పుడల్లా మళ్ళీ సర్దుకుంటా, మెడ పట్టేసినా చూస్తానే ఉన్నాడు. అంచు మీద ఎవరెవరో వచ్చినారు, పోయినారు. కొంగు ఊపినవాళ్ళు లేరు. నీడ ఎడమ గోడ దిగింది, నీళ్ళ మీదికి పాకింది, పుట్టిని దాటిపోయింది. అప్పుడతను పుట్టి కట్టేసి మెట్లెక్కినాడు. ఎక్కితే ఏముంది, తిప్పక్క బండకు తల ఆనించుకుని కూచునుంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

"నా నోరు పడిపోను! ఆ పేరు నేనే చెప్పినా గదక్కా!" అని అతను నెత్తి కొట్టుకుని ఏడ్చినాడు. తెల్లారేదాకా ఆమె పక్కనే కూచున్నాడు. అప్పటికి వేరే పుట్టివాళ్ళు కూడా వచ్చినారు. కిందికి తీసుకుపోదాం అన్నారు వాళ్ళు. సుంకన్న ఒప్పుకోలేదు. ఆమెను భుజాన వేసుకుని పైకి ఎక్కినాడు.

తలారి అలవాటు చొప్పున కర్ర అడ్డం పెట్టినాడు. అలవాటు చొప్పునే అడిగినాడు.

"ఎవరింటికి?"

"గంగుళమ్మ ఇంటికే" అన్నాడు సుంకన్న.

తలారి భుజం మీదున్న మనిషి మొహం చూసినాడు. కర్ర వదిలేసినాడు. తనే పరిగెత్తిపోయి కాశమ్మను పిలుచుకొచ్చినాడు.

కాశమ్మకు అప్పటిదాకా ఏమీ తెలీదు. చెప్పకుండా పోయిందే ఆ అక్క అని రాత్రంతా అనుకుంటానే ఉందంట. సుంకన్న అంతా చెప్పినాడు. పుట్టి సంగతి, ఆవగింజ సంగతి, కొంగు ఊపే సంగతి. తలారి మిగతాది చెప్పినాడు. కాశమ్మ వింటా వింటా ఏడుపు ఆపేసింది. అంతలో పెద్దమనుషులు ముగ్గురూ వచ్చినారు.

"శవాన్ని ఊళ్ళోకి తేవడమేంది? దించండి కిందికి!" అన్నాడు మీసంవాడు.

కాశమ్మ వాడికి అడ్డంగా నిలబడింది.

"ఈమె మా ఇంటి మనిషి. మా అమ్మకు కాళ్ళొత్తింది, మా అమ్మకు పాడె కట్టింది, ఏమీ కాకుండానే నా మైల పంచుకుంది. ఇప్పుడు ఈమె మైల నేను పడతా. ఈమె పాడె మా ఇంటి నుంచే లేస్తాది. ముందు అంచు కాడికి పోతాది."

"అంచుకా! శవమా! గండమ్మ గడప మీదికా!"

"అవును, శవమే. నిన్న మనిషి. నిన్న తన కాళ్ళతో వచ్చి, చేతులు జోడించి మిమ్మల్ని అడిగింది. ఇయ్యాల మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు, తప్పుకోండి."

పుట్టివాళ్ళు ముందుకొచ్చినారు. "మీరు తినే ఉప్పు, మీ బెల్లం, మీరు కట్టుకున్న ఆ పంచె, అన్నీ ఈమె అల్లిన పుట్టిల్లోనే వచ్చినాయి సామీ" అన్నాడు ఒకడు. "ఈమెకు దారి లేని ఊరికి మా పుట్టి రాదు. రేపటి నుంచి మీరే దిగి, ఈదుకుంటా పోయి తెచ్చుకోండి."

వక్కవాడు వక్క మింగేసినాడు. పెద్దమనుషులు తప్పుకున్నారు. ధర్మం తెలిసి కాదు, ఉప్పు తలుచుకుని. అది కూడా చెప్పాల్సిందే, దాచకూడదు.

సుంకన్న ఆగలేదు. "నేను కిందుండాల. మాటిచ్చినా" అని మెట్లు దిగి పరిగెత్తినాడు. ఇక్కడ పాడె కట్టి లేపేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మోసింది కాశమ్మ, ఇంకా ముగ్గురు ఆడవాళ్ళు. ఆడవాళ్ళు పాడె మోస్తారా అని ఎవడో గొణిగినాడు. ఎవరూ పట్టించుకోలేదు. బజారు దాటినారు. సీతాఫలాల అరుగు దాటినారు. ఆ సందు దాటినారు. ఎంతసేపు పట్టింది? వక్కాకు వేసుకున్నంత సేపు కూడా పట్టలేదు. ఆ కాస్త దూరం పోనియ్యలేదు ఆమెను!

అంచు మీద పాడె దించినారు. కాశమ్మ తిప్పక్క తల కింద చెయ్యి పెట్టి పైకి లేపి, మొహం గండివైపు తిప్పింది. ఊరు ఊరంతా వెనక నిలబడి చూసింది. ఎండ నిలువునా దిగి నీళ్ళ దాకా పోయింది. ఎర్రటి గోడలు, అడుగున సన్నగా ఏరు, ఏటి నడుమ పుట్టి. ఆవగింజంత. కాశమ్మ తిప్పక్క కొంగు పట్టుకుని ఊపింది. కింద ఆ ఆవగింజలోంచి సన్నటి తెడ్డు పైకి లేచింది. వెనకున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. వాళ్ళలో శానామంది ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే అంట్లు తోమి, ఆ పొద్దే మొదటిసారి అంచు మీదికి వచ్చినవాళ్ళు. అది కూడా తెలుసుకోండి.

పిల్లలు నన్ను అడుగుతారు, తిప్పక్క చూసింది గదా అవ్వా, చూసిందని చెప్పు అని. నేను చెప్పను. చచ్చిన కళ్ళు చూస్తాయా? చూడవు. ఆమె చూడలేదు. ముందురోజు ఒక్క సందు దాటనిచ్చి ఉంటే చూసేది, నవ్వేది, దిగిపోయి ఏటిగడ్డంతా చెప్పుకునేది. మీకు తియ్యగా ఉంటాదని నేను అబద్ధం చెప్తే, నేనూ ఆ అరుగు మీద కూచున్నట్లే.

అప్పటి నుంచి మిట్టపేటలో ఎవరు పోయినా పాడె నేరుగా కాటికి పోదు. ముందు అంచు కాడికి పోతాది. అక్కడ దించి, తల లేపి పట్టుకుని, "చూసి పో తల్లీ" అంటారు. మగవాడైతే "చూసి పో నాయనా" అంటారు. గండమ్మ తల్లి కోపగించుకున్నది లేదు. ఊరికి అరిష్టం వచ్చింది లేదు. ఆ పొద్దు మైలని అడ్డం చెప్పినోళ్ళకు మాత్రం తల ఎత్తే మొహం లేకపోయింది.

ఇంకోటి కూడా ఉంది. అది కాశమ్మ పెట్టింది, బతికున్నోళ్ళకోసం. ఇప్పుడు వాకిట్లో తలారి కర్ర పట్టుకోడు. ఒంటరిగా ఎవరు మెట్లెక్కి వచ్చినా, ఏ కులమా, ఎవరింటికా, ఏం పనా అని అడగడు. నీళ్ళ చెంబు చేతికిచ్చి, నేరుగా ఆ సందులోంచి తీసుకుపోతాడు. అంచు మీదున్న వాళ్ళు, ఎంత పెద్దవాళ్ళైనా, లేచి పక్కకు జరుగుతారు. "ముందు చూసుకో. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అంటారు.

మిట్టపేటోళ్ళు ఇదంతా గొప్పగా చెప్పుకుంటారు. మా ఊళ్ళో ఉన్న మర్యాద ఇంకో ఊళ్ళో లేదని మీసాలు తిప్పుతారు. నేను ఒకసారి పోయినప్పుడు నాకూ చెప్పినారు. నేనూరుకుంటానా? "ఆ మర్యాద మీకు నేర్పించింది ఎవరు? ఆమెకు మీరేం పెట్టినారు?" అని అడిగినా. తలలు దించుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన, "తిప్పక్క నేర్పింది. మేము ఆమెకు నీళ్ళు కూడా పొయ్యలేదు" అన్నాడు. పోనీ, అదన్నా ఒప్పుకున్నాడు. ఇంక లేవండి, పోయి పడుకోండి.